మెదడులో సెరటోనిన్ గ్రాహకాల పెట్ స్కాన్ బొమ్మను చదవడం ఎలా?

మొన్న సాయంత్రం ఒక ఎం.ఫార్మసీ విద్యార్థి నా గదికి వచ్చాడు. నాలుగు రోజుల్లో సెమినారు. చేతిలోని కాగితం మీద రెండు మెదడు బొమ్మలు పక్కపక్కన ఉన్నాయి. ఎడమవైపుది ఎరుపు, పసుపు రంగులతో వెలిగిపోతోంది. కుడివైపుది నీలంగా చల్లారినట్టుంది. "కుంగుబాటు (డిప్రెషన్) ఉన్నవాళ్ల మెదడులో సెరటోనిన్ తగ్గిపోతుంది సార్, ఇదిగో రుజువు" అన్నాడు. ఆ బొమ్మలో అసలు సెరటోనిన్ లేదని అతనికి చెప్పడానికి నాకు గంటన్నర పట్టింది.

గుంటూరులో ఫార్మకాలజీ పాఠాలు చెప్పుకునే నాకు ఈ గంటన్నర ఏడాదికి రెండు మూడుసార్లు తప్పడం లేదు. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. మీ ముందు ఒక పరిశోధన పత్రం, ఒక పెన్సిలు, ఫోనులో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. ఇంటర్మీడియట్ స్థాయి భౌతిక, రసాయన శాస్త్రాలు గుర్తుంటే ఇంకా మంచిది.

ముందుగా కాస్త నేపథ్యం. సెరటోనిన్ అంటే నాడీకణాల మధ్య కబురు మోసే రసాయనం. సెరటోనిన్‌ను 1948లో రక్తపు సీరం నుంచి వేరుచేశారు. రక్తనాళాలను బిగించే గుణం కనబడడంతో సీరం, టోన్ అనే రెండు మాటలు కలిపి ఆ పేరు పెట్టారు. రసాయన నామం 5-హైడ్రాక్సీట్రిప్టమిన్. పత్రాల్లో కనిపించే 5-హెచ్‌టీ దాని పొట్టిపేరే. శరీరంలోని సెరటోనిన్‌లో అధికభాగం ఉండేది పేగుల్లో. రక్తంలోని సెరటోనిన్ మెదడులోకి దాటి పోలేదు. కాబట్టి రక్తం తీసి సెరటోనిన్ కొలిచినా మెదడు సంగతి తెలియదు. మెదడులో అది వాలే గ్రాహకాలు (కబురు అందుకునే ప్రోటీన్లు) ఏడు కుటుంబాలుగా, మొత్తం 14 రకాలుగా ఉన్నాయి. విడుదలైన సెరటోనిన్‌ను తిరిగి నాడీకణంలోకి లాగే ట్రాన్స్‌పోర్టరు వీటికి వేరు. స్కాన్ చేసేవాళ్లు వీటిలో ఏదో ఒకదానికి అతుక్కునే మందు అణువును ఎంచుకుని, దానికి రేడియోధార్మిక పరమాణువు తగిలించి, అతి తక్కువ మోతాదులో నరంలోకి ఎక్కిస్తారు. దాన్నే ట్రేసర్ అంటారు. ఆ పరమాణువు విడిచిన పాజిట్రాన్ పక్కనే ఉన్న ఎలక్ట్రాన్‌ను తాకి రెండూ మాయమవుతాయి. ఒక్కొక్కటి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల రెండు గామా కిరణాలు ఎదురెదురు దిశల్లో పోతాయి. తల చుట్టూ ఉన్న వలయం ఆ రెండింటినీ ఒకే క్షణంలో పట్టుకుని, ఆ గీత మీద ఎక్కడో ట్రేసర్ ఉందని గుర్తిస్తుంది. అలాంటి కోట్ల గీతల నుంచి బొమ్మ తయారవుతుంది. ఇదే పాజిట్రాన్ ఎమిషన్ టోమోగ్రఫీ, పొట్టిగా పెట్.

అంటే మీరు చూసే ఎరుపు చాలా మెట్లు దిగి వచ్చింది. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో ప్రశ్న వేయాలి.

ముందు బొమ్మ మూసి, పేరు విప్పండి

పత్రం మొదటి పేజీలోనే ట్రేసర్ పేరు ఉంటుంది. "కార్బొనిల్-కార్బన్-11 వే-100635" అనే పేరు తీసుకుందాం. చదరపు బ్రాకెట్లలో రాసే ఈ పేరులో మూడు సంగతులు ఉన్నాయి. వే-100635 అన్నది అణువు. ఇది 5-హెచ్‌టీ1ఏ గ్రాహకాన్ని పట్టుకుంటుంది. కార్బన్-11 అన్నది దానికి తగిలించిన ఐసోటోపు, అంటే ఆ రేడియోధార్మిక పరమాణువు. కార్బొనిల్ అన్నది ఆ ఐసోటోపు అణువులో కూర్చున్న చోటు. విద్యార్థులు ఈ మూడోదాన్ని ఎప్పుడూ దాటేస్తారు. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది.

మొదట్లో ఇదే అణువుకు కార్బన్-11ను మరో చోట, మిథాక్సీ గుంపులో పెట్టారు. శరీరం ఆ అణువును మధ్యలో ఉన్న అమైడ్ బంధం దగ్గర తెంచేది. తెగిన ముక్క వే-100634 కార్బన్-11ను వెంటబెట్టుకుని మెదడులోకి దూరిపోయేది. యంత్రానికి అసలు మందు, తెగిన ముక్క అనే తేడా తెలియదు కదా. వెలుగు ఉంటే లెక్కపెట్టడమే దాని పని. తర్వాత ఐసోటోపును కార్బొనిల్ స్థానానికి మార్చారు. ఇప్పుడు అణువు తెగినప్పుడు కార్బన్-11 అవతలి ముక్కతో పోతుంది. ఆ ముక్క ఒక ఆమ్లం. మెదడులోకి పెద్దగా రాదు. అణువు అదే, ఐసోటోపు అదే. మారింది ఒక్క చోటు. బొమ్మ శుభ్రపడింది.

ఇలాంటిదే మరొకటి. అదే కుటుంబానికి ఫ్లోరిన్-18 తగిలించి ఎఫ్‌సీవే అనే ట్రేసర్ చేశారు. శరీరం ఆ ఫ్లోరిన్‌ను ఊడదీసింది. ఊడిన ఫ్లోరైడ్ ఎముకలను ఇష్టపడుతుంది. పుర్రె వెలిగింది, దానికి ఆనుకున్న మెదడు పై పొర కొలతలు కలుషితమయ్యాయి. పరిష్కారం చూడండి: మద్యం మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రను ముందుగా ఇచ్చి, ఫ్లోరిన్‌ను ఊడదీసే కాలేయపు ఎంజైమును అణచిపెట్టారు. పుర్రె వెలుగు బాగా తగ్గింది. ఎంజైముల పాఠం ఎందుకని అడిగే పిల్లలకు నేను చెప్పే జవాబు ఇదే.

మీరు చేయవలసిన పని: పత్రంలో "రేడియో మెటబొలైట్" అన్న మాట ఎక్కడుందో వెతకండి. దాని పక్కన పెన్సిలుతో గీత పెట్టండి. తెగిన ముక్కలు మెదడులోకి వస్తాయా రావా అన్నది ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆల్టాన్‌సెరిన్ అనే 5-హెచ్‌టీ2ఏ ట్రేసర్ ముక్కలు మెదడులోకి వస్తాయి. అందుకే దాన్ని ఒక్కసారిగా ఎక్కించి ఊరుకోకుండా, ఆ తర్వాత సన్నని ధారగా ఎక్కిస్తూ ఒక నిలకడకు తెచ్చి కొలిచే పద్ధతి వచ్చింది. పత్రంలో గంటల తరబడి ధార ఎందుకు పెట్టారో ఇప్పుడు మీకు అర్థమవుతుంది.

గడియారం లెక్క వేయండి

కార్బన్-11 అర్ధాయువు, అంటే సగానికి తగ్గే సమయం, 20.4 నిమిషాలు. ఫ్లోరిన్-18ది సుమారు 110 నిమిషాలు. స్పెక్ట్ అనే మరో రకం స్కానులో వాడే అయొడిన్-123ది 13 గంటల పైచిలుకు. ఈ మూడు అంకెలూ కంఠస్థం చేయండి. మిగతావి పుస్తకం చూసుకోవచ్చు.

ఇప్పుడు మన ఊళ్ల మీద లెక్క. గుంటూరులో కార్బన్-11 ట్రేసర్ తయారైందనుకుందాం. కారులో కాజ టోల్‌గేటు దాటి, మంగళగిరి మీదుగా, వారధి ఎక్కి విజయవాడ చేరడానికి గంట. 60ని 20.4తో భాగిస్తే 2.94. అంటే దాదాపు మూడుసార్లు సగమవుతుంది. బయలుదేరినదాంట్లో మిగిలేది 13 శాతం. బెంజి సర్కిల్ దగ్గర ఇంకో ఇరవై నిమిషాలు ఆగితే అందులోనూ సగం పోతుంది. అదే ఫ్లోరిన్-18 అయితే గంట తర్వాత కూడా 68 శాతం ఉంటుంది.

హైదరాబాదు నుంచి విజయవాడకు అయిదు గంటల రోడ్డు ప్రయాణం అనుకోండి. ఫ్లోరిన్-18లో 15 శాతం మిగులుతుంది. తెల్లవారుజామున ఎక్కువ మోతాదులో తయారుచేసి పంపితే ఉదయం రోగులకు సరిపెట్టవచ్చు. కార్బన్-11 మాత్రం ఆ అయిదు గంటల్లో దాదాపు పదిహేనుసార్లు సగమై ఇరవై ఆరు వేల వంతుల్లో ఒక వంతు మిగులుతుంది. అది వచ్చినా రానట్టే.

ఈ లెక్కలోంచి ఒక పెద్ద విషయం బయటపడుతుంది. సెరటోనిన్ పరిశోధనలో పేరున్న ట్రేసర్లలో చాలావరకు కార్బన్-11వే. వే-100635, ట్రాన్స్‌పోర్టరు కోసం డాస్బ్, 5-హెచ్‌టీ2ఏ కోసం ఎండీఎల్-100907, సింబి-36, 5-హెచ్‌టీ4 కోసం ఎస్‌బీ-207145 అన్నీ ఆ కోవకే చెందుతాయి. కాబట్టి సైక్లోట్రాన్ (కణాలను వేగంగా ఉరికించే యంత్రం), రసాయనశాల, స్కానరు ఒకే ప్రాంగణంలో ఉన్నచోటే ఈ పని జరుగుతుంది. సైక్లోట్రాన్‌లో నైట్రోజన్ వాయువును ప్రోటాన్లతో కొడితే కార్బన్-11 పుడుతుంది. దాన్ని చకచకా మిథైల్ అయొడైడ్ వంటి చురుకైన రూపంలోకి మార్చి, అణువుకు తగిలించి, శుద్ధి చేసి, నాణ్యత పరీక్షించి, మనిషి నరంలోకి ఎక్కించాలి. ఇదంతా అయ్యేలోపే రెండు మూడుసార్లు సగమైపోతుంది. ఉల్లిపాయలు వేగేలోపు బియ్యం కడిగి, కూర తరిగి, విస్తరి వేయడం లాంటి హడావుడి అది. పత్రంలో ఎక్కించిన మోతాదు మనిషి మనిషికీ కొంచెం తేడాగా ఉంటే తప్పుపట్టకండి.

ఒక మాట ఇక్కడే. ట్రేసర్‌తో పాటు ఐసోటోపు లేని అదే అణువు కూడా కొంత లోపలికి వెళుతుంది. అది ఎక్కువైతే గ్రాహకాలను అదే ఆక్రమించి వెలిగే అణువుకు చోటు లేకుండా చేస్తుంది. పద్ధతుల విభాగంలో మొత్తం ద్రవ్యరాశి మైక్రోగ్రాముల్లో ఇస్తారు. రెండు గుంపులకూ అది దగ్గరదగ్గరగా ఉందో లేదో చూడండి.

వెలుగు ఉండవలసిన చోట ఉందా?

ఇది చిన్న పరీక్ష, కానీ చాలా ఉపయోగం. ప్రతి గ్రాహకానికీ మెదడులో సొంత ఊళ్లు ఉంటాయి. 5-హెచ్‌టీ1ఏ హిప్పోక్యాంపస్‌లో, మెదడు కాండంలోని రాఫే కేంద్రకాల్లో దండిగా ఉంటుంది. చిన్నమెదడులో బాగా తక్కువ. 5-హెచ్‌టీ2ఏ మెదడు పై పొర అంతటా పరుచుకుంటుంది. 5-హెచ్‌టీ4 మెదడు లోతుల్లోని స్ట్రయాటంలో ఎక్కువ. ట్రాన్స్‌పోర్టరు రాఫే, థాలమస్, స్ట్రయాటం ప్రాంతాల్లో గట్టిగా కనిపిస్తుంది. డెన్మార్కులోని కోపెన్‌హేగన్ బృందం 210 మంది ఆరోగ్యవంతుల స్కానులతో ఈ నాలుగింటికి 5-హెచ్‌టీ1బీని కూడా చేర్చి 2017లో ఒక పటం ప్రచురించింది. దాన్ని పక్కన పెట్టుకుని మీ పత్రంలోని బొమ్మను పోల్చండి.

5-హెచ్‌టీ2ఏ ట్రేసర్ అని చెప్పి స్ట్రయాటం భగ్గుమంటుంటే అనుమానించాలి. ఈ అనుమానానికి చరిత్రలోనే ఆధారం ఉంది. మనిషి మెదడులో గ్రాహకాలను తొలిసారి పెట్‌తో చూసింది 1983లో, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో. అప్పుడు స్కానరులో పడుకున్నది ఆ బృందానికి పెద్ద అయిన హెన్రీ వాగ్నరే. వాడిన ట్రేసర్ కార్బన్-11 మిథైల్‌స్పైపెరోన్. అది స్ట్రయాటంలో డోపమిన్ అనే మరో కబురు రసాయనపు గ్రాహకాలను, పై పొరలో సెరటోనిన్ గ్రాహకాలను పట్టుకుంటుంది. ఒకే బొమ్మలో ఇద్దరు కాపురం ఉన్నారన్నమాట. ఎవరి గది ఏదో తెలిసినవాళ్లకు అది పనికొచ్చింది, తెలియకపోతే గందరగోళమే.

పట్టుకునేది ఎలాంటి చేయి?

ట్రేసర్ అగోనిస్టా (గ్రాహకాన్ని పనిచేయించేది), ఆంటగోనిస్టా (అడ్డుకునేది) అని అడగండి. ఆంటగోనిస్టు గ్రాహకం ఏ స్థితిలో ఉన్నా పట్టుకుంటుంది. అగోనిస్టు మాత్రం పని చేయడానికి సిద్ధంగా ఉన్న గ్రాహకాలనే గట్టిగా పట్టుకుంటుంది. 5-హెచ్‌టీ2ఏకు ఎండీఎల్-100907 మొదటి రకం, సింబి-36 రెండో రకం. మెదడులో సెరటోనిన్ విడుదలైనప్పుడు అది వచ్చి ట్రేసర్‌ను తోసేస్తే వెలుగు తగ్గుతుంది. అలా విడుదలను పరోక్షంగా కొలవవచ్చు. డోపమిన్ విషయంలో ఈ పద్ధతి చాలాకాలంగా బాగా నడుస్తోంది. సెరటోనిన్ విషయంలో మాత్రం పరిశోధకులను ఏళ్లతరబడి ఏడిపించింది. సింబి-36 వంటి అగోనిస్టు ట్రేసర్ల మీద ఆశ పెట్టుకున్నది అందుకే. 2023లో సింబి-36తో వచ్చిన ఒక అధ్యయనంలో 17 మంది కుంగుబాటు రోగులకు, 20 మంది ఆరోగ్యవంతులకు ముందొక స్కాను, సెరటోనిన్‌ను విడుదల చేయించే డెక్స్ట్రోఆంఫిటమిన్ ఇచ్చి మరో స్కాను తీశారు. మందు ముందు రెండు గుంపుల మధ్యా తేడా కనిపించలేదు. మందు తర్వాత ఆరోగ్యవంతుల్లో ట్రేసర్ బంధనం తగ్గింది, రోగుల్లో అంతగా తగ్గలేదు. సెరటోనిన్ విడుదల గురించి మాట్లాడాలంటే కనీసం ఇలాంటి రెండు స్కానుల ఏర్పాటు ఉండాలి. మా విద్యార్థి తెచ్చిన పత్రంలో మనిషికి ఒక్కటే స్కాను.

అంకె దగ్గర ఆగండి, గోతం తూకం అడగండి

ఇక్కడ ఎంతసేపు కూర్చున్నా తక్కువే.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీని (మిర్చి బస్తాను) తూకం వేస్తే కాటా చూపించేది కాయల బరువు కాదు. కాయలు, గోతం కలిపిన బరువు. గోతం బరువు తీసేయాలి. గోతం ఎంత తూగుతుందన్న దాని మీద రైతుకూ వ్యాపారికీ మధ్య జరిగే రభస మనకు కొత్త కాదు. పెట్ స్కానులోనూ అంతే. ఒక ప్రాంతంలో కనిపించే వెలుగులో గ్రాహకాన్ని పట్టుకున్న ట్రేసర్ కొంత. ఎక్కడా పట్టుకోకుండా కణజాలంలో ఊరికే తేలుతున్నదీ, అడ్డమైన కొవ్వుకూ ప్రోటీన్లకూ అంటుకున్నదీ కొంత. ఈ రెండోదే గోతం. దాని బరువు తెలుసుకోవడానికి ఆ గ్రాహకం లేదని నమ్మే ఒక ప్రాంతాన్ని ఎంచుకుంటారు. అదే పోలిక ప్రాంతం. చాలా పత్రాల్లో అది చిన్నమెదడు.

యార్డులో గోతం బరువును ఒక్కసారి తీసివేస్తారు. ఇక్కడ తీసివేసి, మళ్లీ దానితోనే భాగిస్తారు. అలా వచ్చిన అంకెకు బంధన సామర్థ్యం అని పేరు. నిలకడ స్థితిలో లెక్క సులువు. హిప్పోక్యాంపస్ కొలత 4.2, చిన్నమెదడు కొలత 0.7 అనుకోండి. 4.2లోంచి 0.7 తీసేస్తే 3.5. దాన్ని 0.7తో భాగిస్తే 5. ఇప్పుడు రెండో మనిషిని చూడండి. హిప్పోక్యాంపస్ అదే 4.2. చిన్నమెదడు మాత్రం 0.84. తీసివేత 3.36, భాగహారం 4. బంధన సామర్థ్యం 20 శాతం పడిపోయింది! హిప్పోక్యాంపస్ వెలుగు ఇసుమంత కూడా మారలేదు. మారింది గోతం. పేపరు మీద మీరే ఒకసారి వేసి చూసుకోండి. చెబితే తలకెక్కనిది వేస్తే ఎక్కుతుంది.

ఇది ఊహాగానం కాదు. కుంగుబాటులో 5-హెచ్‌టీ1ఏ గ్రాహకాల మీద డ్రెవెట్స్ బృందం 1999లో వే-100635తో స్కానులు తీసి, రాఫే ప్రాంతంలోనూ హిప్పోక్యాంపస్ పరిసరాల్లోనూ బంధనం తగ్గిందని రాసింది. పార్సీ బృందం 2006లో అదే ట్రేసర్‌తో, మందులు ఎన్నడూ వాడని రోగుల్లో బంధనం ఎక్కువగా ఉందని రాసింది. ట్రేసర్ ఒకటే, జబ్బు ఒకటే, జవాబులు మాత్రం ఉత్తర దక్షిణాలు. ఎవరో ఒకరు అబద్ధమాడారని అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఒకరు పోలిక ప్రాంతంతో నిష్పత్తి తీశారు. మరొకరు ధమని నుంచి రక్తం తీసి, అందులో ప్రోటీన్లకు అంటుకోకుండా స్వేచ్ఛగా ఉన్న ట్రేసర్ ఎంతో కొలిచి, దాన్ని ఆధారం చేసుకున్నారు. పైగా చిన్నమెదడు బూడిద పదార్థంలో ఈ గ్రాహకాలు పూర్తిగా లేకపోలేదు. అంటే గోతంలోనూ నాలుగు కాయలు చిక్కుకుని ఉన్నాయి. పార్సీ బృందం 2010లో రెండో గుంపు రోగులతో చేసిన పనిలో పోలిక ప్రాంతం ఎంపికనే ప్రత్యేకంగా చర్చకు పెట్టింది.

ఈ గందరగోళం ముదిరే సమయానికే, 2007లో, ఈ రంగంలోని పరిశోధకులు కలిసి ఒక ఒప్పందానికి వచ్చారు. బంధన సామర్థ్యం అని ఊరికే రాయకుండా, దేనితో భాగించారో కింద చిన్న అక్షరాల్లో చూపాలన్నారు. ఎన్‌డీ అని ఉంటే గోతంతో, పీ అని ఉంటే ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం)లోని మొత్తం ట్రేసర్‌తో, ఎఫ్ అని ఉంటే ప్లాస్మాలో స్వేచ్ఛగా ఉన్నదానితో. మీ పత్రంలో ఆ చిన్న అక్షరం ఏదో చుట్టూ సున్నా చుట్టండి. 2007కు ముందటి పత్రమైతే పద్ధతుల విభాగంలో తవ్వి తీయాలి. రెండు పత్రాల్లో అక్షరాలు వేరైతే వాటి అంకెలను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టకండి. సెమినారుల్లో నేను ఎక్కువగా ఎర్ర గీత పెట్టేది ఈ పొరపాటుకే.

ఇంకా ఒకటి. అంకె తగ్గినంత మాత్రాన గ్రాహకాలు తగ్గాయని కాదు. గ్రాహకాల సంఖ్య తగ్గి ఉండవచ్చు, పట్టు సడలి ఉండవచ్చు, లేదా శరీరంలోని సెరటోనిన్ ఇప్పటికే ఆ చోట్లు ఆక్రమించి ఉండవచ్చు. ఒక్క స్కాను ఈ మూడింటినీ విడదీసి చెప్పలేదు.

మందు ఎంత చోటు పట్టిందో లెక్కించాలంటే

ఈ రంగం మొత్తంలో నాకు బాగా నమ్మకం కుదిరిన ఉపయోగం ఇది. మందుకు ముందొక స్కాను, తర్వాతొక స్కాను తీస్తారు. మొదటి అంకెలోంచి రెండోదాన్ని తీసి, మొదటిదానితో భాగిస్తే మందు ఆక్రమించిన శాతం వస్తుంది. 2.0 ఉన్నది 0.4 అయితే 80 శాతం. అదే మనిషిని అతనితోనే పోలుస్తారు కాబట్టి గోతం తగాదా చాలావరకు తగ్గుతుంది.

టొరంటోలో మేయర్ బృందం 2004లో డాస్బ్ ట్రేసర్‌తో అయిదు కుంగుబాటు మందులను పరీక్షించింది. మామూలుగా వాడే కనీస మోతాదులో అన్నీ స్ట్రయాటంలోని సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్లలో 80 శాతం చుట్టుపక్కల ఆక్రమించాయి. మోతాదు రెట్టింపు చేస్తే ఆక్రమణ రెట్టింపు కాదు. గీత పైకి లేచి చదునవుతుంది. నూరు సీట్లలో ఎనభై నిండిన సినిమా హాలులోకి మరో వందమందిని పంపినా కూర్చునేది ఇరవైమందే. 2019లో కోపెన్‌హేగన్ బృందం సింబి-36తో సైలోసిబిన్‌ను పరీక్షించింది. పుట్టగొడుగుల్లో దొరికే ఆ పదార్థం 5-హెచ్‌టీ2ఏ గ్రాహకాల్లో 72 శాతం వరకు ఆక్రమించింది. ఆక్రమణ పెరిగేకొద్దీ అనుభవపు తీవ్రత కూడా పెరిగింది. మందుకూ మనసుకూ మధ్య ఇంత నేరుగా గీత గీయగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఈ శాతాలు చూసి ఎవరూ తమ మాత్రల మోతాదు మార్చుకోకూడదు. 80 శాతం ఆక్రమించినా మందు పనిచేయనివాళ్లున్నారు. ఆక్రమణ ఒకటి, గుణం ఒకటి.

మనుషుల పట్టిక

గబగబా చూసేయవచ్చు, కానీ వదిలేయకండి. రెండు గుంపుల వయసులు దగ్గరగా ఉన్నాయా? 5-హెచ్‌టీ2ఏ బంధనం వయసుతో తగ్గుతుంది. ఒక గుంపు సగటు పదేళ్లు ఎక్కువైతే ఫలితం అక్కడే తేలిపోయింది. రోగులు అంతకుముందు ఏ మందులు వాడారు, ఆపి ఎన్నాళ్లయింది? తల కదలికను సరిదిద్దారా? రాఫే వంటి బుల్లి ప్రాంతం కొలత మీద వాదమంతా నిలబెట్టారా? యంత్రానికి కొన్ని మిల్లీమీటర్ల కంటే చిన్నది మసకగానే కనిపిస్తుంది.

ఆ తర్వాతే బొమ్మ తెరవండి. రంగుల పట్టీ మీద రెండు బొమ్మలకూ ఒకే కొలమానం ఉందా అని చూడండి. నమ్మకం కుదరకపోతే ఫోనులో బొమ్మను నలుపు తెలుపు చేయండి. మా విద్యార్థి బొమ్మల్లో ఎడమది సున్నా నుంచి 4 వరకు, కుడిది సున్నా నుంచి 6 వరకు కొలమానం మీద ఉన్నాయి. కుడిది నీలంగా ఉండడానికి సగం కారణం అదే.

ఇంట్లో ఎవరైనా "సెరటోనిన్ స్కాన్ ఎక్కడ తీస్తారు?" అని అడిగితే

నన్ను అడిగారు కూడా, మా వీధిలోనే. జవాబు సూటిగా చెప్పండి. కుంగుబాటును తేల్చడానికి ఇలాంటి స్కాను ఏ ఊళ్లోనూ మామూలు వైద్యంలో భాగం కాదు. ఇది పరిశోధన పనిముట్టు. గుంపుల సగటుల మధ్య తేడాలు చెబుతుంది, ఒక్క మనిషి బొమ్మ చూసి జబ్బు ఉందో లేదో చెప్పలేదు. ఆసుపత్రుల్లో పెట్-సీటీ అంటే ఎక్కువగా ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజ్‌తో తీసేదే. క్యాన్సర్లకూ, కొన్ని మూర్ఛలకూ, మతిమరుపు జబ్బులకూ పనికొస్తుంది. దానికి వెళ్లేవాళ్లు నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు, చక్కెర అదుపులో ఉండాలి, గర్భమో పాలిచ్చే బిడ్డో ఉంటే ముందే చెప్పాలి. కుంగుబాటు విషయంలో మాత్రం మానసిక వైద్యుడి ముందు కూర్చుని మాట్లాడడమే పరీక్ష. వెంటనే మాట్లాడేవాళ్లు కావాలంటే ప్రభుత్వ టెలి-మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

మళ్లీ మీ సెమినారు సంగతికి వద్దాం. బొమ్మను తీసేయనక్కర్లేదు. దాని కింద మాత్రం ఈ వాక్యం ఖాళీలు నింపి రాయండి: "ఫలానా ఐసోటోపు ఫలానా చోట తగిలించిన ఫలానా ట్రేసర్‌తో, ఫలానా గ్రాహకానికి, ఫలానా ప్రాంతాన్ని పోలికగా తీసుకుని లెక్కించిన బంధన సామర్థ్యం, గుంపుకు ఇంతమంది, రెండు బొమ్మలకూ కొలమానం ఇంత నుంచి ఇంత వరకు." ఒక్క ఖాళీ నిండకపోయినా పత్రం మళ్లీ తెరవండి. మా విద్యార్థికి మూడో ఖాళీ దగ్గరే ఒక రాత్రి పట్టింది. మర్నాడు వచ్చి, "సార్, కింద రాసింది బొమ్మ కంటే పెద్దదైంది" అన్నాడు. అక్షరాలు చిన్నవి చేయవద్దని, బొమ్మనే చిన్నది చేయమని చెప్పాను.